కొండమీంచి చూసిన పరుగు

మేము ఆ ఊరికి చేరింది పొద్దున పదకొండుంబావుకు. వాన అప్పుడే నిలిచింది. చిత్తూరు నుంచి పలమనేరు దారిలో వచ్చి, తారురోడ్డు వదిలి, పొంగుతా ఉన్న రెండు వంకలు దాటినాం. లారీలో నలుగురం. కమాండరు, మందులు చూసే ఆయన, డ్రైవరు, వైర్‌లెస్ చూసే నేను. రెండు టార్పాలిన్లు, ఒక స్ట్రెచరు, నాలుగు హెల్మెట్లు, గడ్డపారలు, మోకులు, రెండు వైర్‌లెస్ సెట్లు, రెండు చేతి సెట్లు, ఒక సోలారు పలక, ఒక బైనాక్యులరు. అంతే మా సామాను.

ఊరి పేరు రాయను. ఆడుండేవాళ్ళకు అది ఇష్టం లేదు.

నేను పద్దెనిమిదేళ్ళు సరిహద్దుల్లో చేసినాను. ఆఖరి మూడేళ్ళు విపత్తుల్లో పనిచేసే దళానికి పంపించినారు. వరదలకు పోయినాను, తుఫానుకు పోయినాను. భూకంపం డ్యూటీ నాకు అదే మొదలు. అదీ నా సొంత జిల్లాలో.

ఊర్లో వంద ఇండ్లు కూడా ఉండవు. బడి, ఇంకో నాలుగు ఇండ్లు తప్ప అన్నీ పాతవి. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన గోడలు, పైన పరిచిన బండలు. సందులు ఇరుకు. రెండు చేతులు చాపితే రెండు పక్కలా గోడలు తగులుతాయి. ఆ గోడలు వానలకు నాని ఉబ్బి ఉండినాయి. మేము పోయేటప్పటికి మూడు వారాలుగా భూమి లోపల శబ్దం వస్తాంది. ముందు శబ్దం, కింద ఎవరో బండను సమ్మెటతో కొట్టినట్టు. వెంటనే అదురు. గూట్లో గిన్నెలు కింద పడేవి. జనం ఇండ్లు వదిలి బడి ఆవరణలో పట్టలు కట్టుకుని ఉండినారు. చానా ఏండ్ల తర్వాత చెరువులు నిండినాయి, ఆ నీళ్ళు బండల నెర్రెల్లోకి దిగతా ఉండాయి, దానివల్ల అని ఎవరో మా కమాండరుకు చెప్పినారు. అంతకు మించి నాకు తెలీదు.

కమాండరు ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. డ్రైవరుది వేలూరు పక్క, అరవం కలిసిన తెలుగు. అందుకని మొదటిరోజు మద్దేన్నం బడిలో జనానికి చెప్పే పని నామీద పడింది. కమాండరు హిందీలో ఒక మాట అనేది, నేను తెలుగులో అనేది.

“ఇది కమ్మీలేసి కట్టిన బడి. దీంట్లో ఉన్నప్పుడు అదిరితే బయటికి పరిగెత్తొద్దు. బెంచీ కిందికి పోండి. ఒక చేత్తో తల కప్పుకోండి, ఇంకో చేత్తో బెంచీ కాలు పట్టుకోండి. మీ ఇండ్లు వేరే. బండలు పడితే ఏ బల్లా ఆపదు. ఈ అదుర్లు నిలిచేదాకా ఇండ్లలో ఉండొద్దు. బయట ఉన్నప్పుడు వస్తే ఆడనే కూర్చోండి, గోడలకీ కరెంటు స్తంభాలకీ దూరంగా. ఒకసారి అదిరి నిలిచింది గదా అని లోపలికి పోవద్దు. దాని వెనక ఇంకోటి వస్తాది.”

ఒక ముసలాయన లేచినాడు. “వాకిలి కింద నిలబడితే ఏంగాదంటారే సారూ?”

“గోడే పడిపోతే వాకిలి యాడ నిలబడతాది పెద్దాయనా?”

ఆయన తల ఊపి కూర్చున్నాడు. అప్పుడు ముందర వరసలోంచి ఒకామె మాట్లాడింది. నలభై దాటుంటాయి. నాలుగు చక్రాల పలక మీద కూర్చోనుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయినాయి. పేరు రెడ్డెమ్మ. ఊరికంతా బట్టలు కుట్టేది ఆమే.

“సార్, కూర్చోమంటారు. నేను కూర్చోనే ఉండాను. పరిగెత్తొద్దంటారు. అది నాతో యాడయితాది? నా సంగతేంది మరి?”

జనం నవ్వినారు. ఆమె నవ్వలేదు. నా చేతిలో ఉన్న కాగితంలో నడవలేనివాళ్ళకు ఒక్క వరస ఉండింది. ఉన్నచోటే ఉండి తల కాపాడుకోవాలని. బండల కప్పు కింద ఆ మాట పనికి రాదు.

సాయంత్రం ఆమె ఇంటికి పోయినాను. కుట్టుమిషన్ దగ్గర్నుంచి గడప దాటేదానికి ఎంతసేపు పడతాదో దిగి చూపించమని అడిగినాను. చేతులు నేలకు ఆనించి ఈడ్చుకుంటా వచ్చింది. ఇరవై రెండు సెకన్లు. ఆ ఊర్లో అదురు నాలుగైదు సెకన్లకు మించి ఉండేది కాదు. ఆమె గడప చేరే లోపల జరిగేది జరిగిపోతాది. అందుకని ఇంటి వెనక ఖాళీ జాగాలో పాక వేద్దామన్నాను. వెదుర్లు, పైన కొబ్బరాకు. కూలినా నెత్తిమీద పడేది ఆకే.

మరుసటిరోజు డ్రైవరూ, మందులాయనా కలిసి ఆ పాక వేసినారు. రెడ్డెమ్మ పోలేదు.

“జల్లు కొడతాది సార్. పెండ్లి రవికలు ఉండాయి. తడిస్తే బట్టలిచ్చినోళ్ళకు నేనేం జెప్పేది? మిషనుకు కరెంటు గూడా లేదు ఆడ.”

డ్రైవరు కరెంటు తీగ లాగి ఇచ్చినాడు. అయినా పోలేదు. రేపు సూస్తాంలే అనేది.

మూడోరోజు నన్ను కొండెక్కించినారు.

ఊరు గుంతలో ఉంది. సెల్‌ఫోను పలకదు. ఊరికి పడమర ఒక బోడి కొండ. దానిమీద సెట్టు పెడితే బడిలో ఉండే మావాళ్ళ మాట పలమనేరుకు అందుతాది. కమాండరు నాకు మూడు ఆర్డర్లు ఇచ్చినాడు. ప్రతి గంటా దాటి పది నిమిషాలయినప్పుడు మాట్లాడాల. ప్రతి అదురూ పుస్తకంలో రాయాల: టైము, ఎంతసేపు, శబ్దం ఏ పక్క నుంచి. కొండ దిగరాదు.

బండల మధ్య మంచం పట్టేంత చోటు చూసుకున్నాను. పెద్ద గుండ్లకు దూరంగా జరిగినాను, అదిరితే దొర్లుతాయని. టార్పాలిన్ కట్టి, ఏరియల్ నిలబెట్టి, సోలారు పలక తూర్పుకు పెట్టినాను. పొద్దున పొగమంచు. మద్దేన్నం బండ కాలేది. మూడు గంటలకు పడమట నుంచి మోడం లేచి వాన.

సెట్లో మాటలు చిన్నవి.

“కొండ, కొండ, ఇది బడి. వినిపిస్తాందా?”

“బడి, ఇది కొండ. వినిపిస్తాంది.”

“ఏమైనా ఉండాదా?”

“ఏమీ లేదు.”

అంతే. ఇంకో గంట దాకా మనిషి గొంతు ఉండదు. సరిహద్దులో మంచులో ఉన్నప్పుడు కూడా బంకర్లో ఇంకొకడు ఉండేవాడు. వాడు గురక పెట్టినా తోడే. ఈడ ఆకాశం స్పష్టంగా ఉన్న పొద్దుటిపూట చిత్తూరు పోయే రోడ్డు దారంలాగా కనపడేది. బస్సులు పోతా ఉంటే చూసేవాణ్ణి. గంటన్నర ప్రయాణంలో నా ఇల్లు. తాళమేసి ఉండింది. అంతకు రెండేళ్ళ ముందు నా భార్య చనిపోయింది. మాకు పిల్లలు లేరు. లీవు ఇస్తామన్నా పోవాలని ఉండేది కాదు. బస్సును మాత్రం మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి.

నాకు నీళ్ళు తెచ్చేది మునిరత్నం. రెడ్డెమ్మ అన్న. యాభై ఐదు ఉంటాయి. మేకల్ని ఆ కొండపక్కనే మేపుతాడు కాబట్టి కమాండరు ఆయన్ని అడిగినాడు. రోజూ ఏడుంముక్కాలుకు వచ్చేవాడు. భుజాన నీళ్ళ క్యాను, చేతిలో సంగటీ ఊరిబిండి పచ్చడీ కట్టిన టిఫిను. ఎక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, పది అడుగులకు ఒకసారి నిలబడేవాడు. నేను సగం దూరం ఎదురు పోయి క్యాను తీసుకునేవాణ్ణి.

“యాలప్పా దిగి వస్తావు? నేను రానా?”

“మోకాలు నొప్పి గదన్నా నీకు.”

“ఎక్కేది సులువేలే. దిగేటప్పుడే పీకతాది.”

ఇరవై నిమిషాలు కూర్చునేవాడు. బీడీ కాల్చేవాడు. మేకల సంగతి, చెరువు నిండిన సంగతి. ఒకరోజు అడిగినాడు.

“మీ ఇంట్లో ఎవురుండారప్పా?”

“ఎవరూ లేరన్నా.”

బీడీ చివరిదాకా కాల్చి పారేసినాడు. “అట్లయితే నేనే మేలు. నాకు మా చెల్లెలుండాది. పెండ్లి చేసుకోమని చానామంది చెప్పిరి. వచ్చేది ఆ బిడ్డను సూస్తాదో సూడదో అని నేనే వద్దంటి.”

మొదటిరోజు బడిలో నేను ఊరికంతా చెప్పినప్పుడు మునిరత్నం లేడు. మేకలతో పోయినాడు. ఆ మాటలు ఆయనకు కొండమీద నేను చెప్పాల్సింది. రోజూ ఎదురుగా కూర్చునే మనిషి. నాకు ఆ ఇరవై నిమిషాలు దినానికంతా దొరికే మాటలు. వాటిని డ్యూటీకి ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. ఒకసారి మాత్రం అన్నాను.

“చెల్లెల్ని పాకలోకి పొమ్మని చెప్పన్నా.”

“చెప్తానే ఉండా. ఇనదు. మొండిది.” కాసేపు ఊరిపక్క చూసినాడు. “ఏదన్నా అయితే నేనే ఎత్తుకోని రావాల. ఇంకెవురుండారు?”

అదిరినాక లోపలికి పోవద్దని అప్పుడన్నా చెప్పింటే బాగుండు.

కొండమీద నాకు ఇరవై ఆరో రోజు. పొద్దున సన్నగా జల్లు పడి నిలిచింది. మునిరత్నం మామూలుగానే వచ్చినాడు. ఎనిమిదింటికి దిగినాడు. ఎనిమిదీ పదికి సెట్టు పలికింది. డ్రైవరు.

“కొండ, ఇది బడి. ఒక మంచి సంగతి సార్. టైలరమ్మ పాకలోకి వచ్చేసింది. ఇప్పుడే మిషన్ మోసి ఇచ్చి వచ్చినా. వాళ్ళన్న అటు పోయినాక తనే పిలిచింది.”

“ఎందుకు ఒప్పుకుందంట?”

“పొద్దన గోడలోంచి రాయి ఒకటి మిషన్ మీద పడిందంట సార్. అన్నకు చెప్పలేదంట, బయపడతాడని.”

సెట్టు పెట్టేసి కిందికి చూసినాను. మునిరత్నం ఇంకా సగం కొండలోనే ఉన్నాడు. ఆకుపచ్చ తువ్వాలు తలకు చుట్టుకుని, మోకాలు చూసుకుంటా దిగుతా ఉన్నాడు. పిలిస్తే వినపడే దూరమే. పిలుద్దామని లేచినాను. స్టవ్ మీద టీ పొంగింది. గిన్నె దించినాను. మళ్ళీ చూసేటప్పటికి ఆయన బండ మలుపు తిరిగినాడు. రేపు వచ్చినప్పుడు చెప్తే సంతోషపడతాడులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, రేపటికి మాట్లాడేదానికి ఒక మంచి మాట మిగిలిందని కూడా అనుకున్నాను.

తొమ్మిదీ పన్నెండుకు శబ్దం. అంతకుముందు వచ్చినట్టు కాదు. కొండ లోపల్నుంచే వచ్చింది. నేను బోర్లా పడి తలమీద చేతులు పెట్టుకున్నాను. హెల్మెట్ అడుగు దూరంలో ఉంది, అందలేదు. ఏరియల్ ఊగి పడిపోయింది. ఎనిమిది సెకన్లు లెక్కపెట్టినాను. నా కుడిపక్క నుంచి ఒక గుండు కదిలి కిందికి పోయింది, మనుషులు లేని పక్కకు.

లేచి చేతి సెట్టు పట్టుకున్నాను.

“బడి, బడి, ఇది కొండ. ఎట్లుండారు?”

“అందరం బాగుండాం. పిల్లోళ్ళు బెంచీల కిందనే ఉండారు. ఒక్కరు గూడా పరిగెత్తలా.”

బైనాక్యులర్ తీసినాను. ఊరిమీద ఎర్ర దుమ్ము లేచింది. ఇండ్లు చానావరకు నిలబడే ఉన్నాయి. రెడ్డెమ్మ ఇంటి కప్పు ఒక మూల కుంగింది. వెనక పాక నిలబడి ఉంది. పాక ముందర ఆమె నీలం చీర కనపడింది. కదులుతా ఉంది. అమ్మయ్య అనుకున్నాను.

తర్వాత కింద చేను చూసినాను. శెనక్కాయ పీకేసిన ఖాళీ చేను. గోడ లేదు, చెట్టు లేదు, స్తంభం లేదు. ఆ ఊర్లో అంతకంటే భద్రమైన చోటు ఇంకోటి లేదు. మునిరత్నం ఆ చేను నడిమధ్య మేకలతో ఉన్నాడు. ఊరిపక్క చూస్తా ఉన్నాడు. ఆయన నిలబడిన చోటికి ఇల్లు అడ్డం. కుంగిన కప్పు కనపడతాది. పాక కనపడదు.

పరుగు మొదలుపెట్టినాడు.

నేను అరిచినాను. గాలి ఎదురు. బండ మీదికెక్కి రెండు చేతులూ పైకెత్తి ఊపినాను, ఆగు ఆగు అని. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి కొండను చూసినాడు. నన్ను చూసినాడు. ఒక చెయ్యి పైకెత్తినాడు. ఇంకా జోరుగా పరిగెత్తినాడు.

“బడి, బడి. మునిరత్నం ఊర్లోకి పరిగెత్తతా ఉండాడు. ఆపండి. చెల్లెలు పాకలో ఉండాది, ఆయనకు తెలీదు. ఆపండి.”

“ఏ సందు సార్?”

“పడమటి సందు. పోండి, తొందరగా.”

డ్రైవరు పరిగెత్తినాడు. బడి ఊరికి ఆ చివర. తొమ్మిదీ పద్నాలుగుకు రెండో అదురు. మూడే సెకన్లు, మొదటిదాంట్లో సగం కూడా లేదు. నానిన గోడలకు అది చాలు. పడమటి సందులో దుమ్ము లేచింది. ఆ దుమ్ములోకి పోయిన ఆకుపచ్చ తువ్వాలు మళ్ళీ బయటికి రాలేదు.

పుస్తకంలో రాసినాను. 9.14. మూడు సెకన్లు. శబ్దం ఉత్తరం పక్క నుంచి. దిగరాదని ఆర్డరు. పడిన ఏరియల్ ఎత్తి కట్టినాను, అంబులెన్సు కోసం పలమనేరుకు మాట నేనే అందించాల. పదకొండు నిమిషాల తర్వాత మందులాయన గొంతు వచ్చింది.

“కొండ. అంబులెన్సు తొందర లేదని చెప్పు.”

“ఇంకోసారి చెప్పు.”

“తొందర లేదు.”

సాయంత్రం నాలుగింటికి కమాండరు తనే కొండెక్కి వచ్చినాడు. సెట్టు ముందర కూర్చున్నాడు. “నువ్వు పోయి రా. ఆరు లోపల రా” అన్నాడు. ఇరవై ఆరు రోజుల తర్వాత నేను కొండ దిగినాను.

రెడ్డెమ్మ పాకలోనే ఉంది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చోనుండారు. నన్ను చూసి వాళ్ళు జరిగినారు. నేల మీద కూర్చున్నాను.

“నేను ఈడ ఉండానని మా అన్నకు తెలీదు సార్” అనింది.

ఆ మాటకు ఊ కొట్టి లేచిపోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ చెప్పినాను. “నాకు తెలుసమ్మా. డ్రైవరు ఎనిమిదీ పదికే చెప్పినాడు. మీ అన్న ఇంకా కొండ దిగతానే ఉన్నాడు. పిలిచింటే వినపడేది. నేను పిలవలేదు.”

ఆమె నా మొహం చూసింది. తిడతాదేమో అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె అడిగింది.

“పరిగెత్తేటప్పుడు సూసినారా మీరు?”

“చూసినాను.”

“ఎట్ల పరిగెత్తినాడు సార్? మోకాలు నొప్పని మేకల దొడ్డిదాకా పొయ్యేదానికే సణిగేవాడే.”

“బాగా పరిగెత్తినాడమ్మా” అన్నాను.

“నేనూ చెప్పల్యా సార్, పొద్దన రాయి పడిందని” అనింది ఆమె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐదున్నరకు నేను లేచినాను.

ఇంకో పన్నెండు రోజులు కొండమీద ఉన్నాను. నీళ్ళు డ్రైవరు తెచ్చేవాడు. పెట్టేసి వెంటనే దిగిపోయేవాడు. అదుర్లు తగ్గినాయి. ఆఖరి నాలుగు రోజులు పుస్తకంలో ఏమీ రాయలేదు. ఆర్డరు వచ్చింది. సెట్టు విప్పి, టార్పాలిన్ మడిచి, అందరం లారీ ఎక్కినాం. రెడ్డెమ్మను చిత్తూరులో ఉండే వాళ్ళ పిన్నమ్మ కూతురు వచ్చి తీసుకుపోయిందని తర్వాత తెలిసింది. ఆడ కూడా బట్టలు కుడతా ఉందంట. ఒకసారి పోయి చూసి రావాలనుకుంటాను. ఇంతవరకు పోలేదు.

సర్వీసు అయిపోయినాక చిత్తూరు ఇల్లు అమ్మేసి తిరుపతిలో ఉంటా ఉండాను. బైరాగిపట్టెడ పక్క ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, ఒక్కణ్ణే. అప్పుడప్పుడు బడులవాళ్ళు పిలుస్తారు, పిల్లలకు చెప్పమని. పోతాను. బెంచీ కిందికి పోయేది, తల కప్పుకునేది, లిఫ్టు ఎక్కకుండా ఉండేది, గ్యాసు ఆపేది, అన్నీ చెప్తాను. ఇప్పుడు ఇంకో మాట కూడా కలిపినాను. మీ ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు ముందే చెప్పుకోండి, అదిరినప్పుడు ఎవరు యాడ ఉంటారో, నిలిచినాక యాడ కలుసుకోవాలో. చెప్పాల్సింది ఆపొద్దే చెప్పేయండి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఆ మాట ఎందుకు చెప్తానో వాళ్ళకు చెప్పను.

మిగిలినవి చానా మరిచిపోయినాను. కమాండరు ముఖం కూడా సరిగ్గా గుర్తు రాదు. ఒక్కటి మాత్రం పోదు. బైనాక్యులర్లో చూసింది కాబట్టి శబ్దం ఏమీ ఉండదు. ఎర్రటి చేలో ఒక మనిషి పోతా ఉంటాడు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, వంగకుండా, ఎక్కడా నిలబడకుండా, ఇరవై ఏండ్ల పిల్లోని మాదిరి పరిగెత్తతా ఉంటాడు.